పాత అపార్ట్‌మెంట్ల మరమ్మతుకి ఐర్లాండ్ సర్కారు డబ్బు: ఎవరి చేతికి వస్తుంది, అద్దెకున్నవాళ్ళకి ఏమిటి?

డబ్లిన్‌లో కొన్ని అపార్ట్‌మెంట్లలో రాత్రి డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి కారిడార్‌లో పసుపు జాకెట్ వేసుకున్న మనిషి తిరుగుతూ కనిపిస్తాడు. సెక్యూరిటీ గార్డు అనుకుంటాం. చాలాసార్లు కాదు. అతను ఫైర్ వార్డెన్. ఆ బిల్డింగ్‌లో నిప్పు అంటుకుంటే గోడలూ తలుపులూ దాన్ని ఆపలేవని తేలింది, లేదా అలారం నమ్మేలా లేదు. అది బాగయ్యేదాకా 24 గంటలూ మనిషిని కాపలా పెట్టారన్నమాట. అతని జీతం ఫ్లాట్ల ఓనర్ల సర్వీస్ చార్జీ నుంచే వెళ్తుంది.

ఇలాంటి బిల్డింగులు బాగుచెయ్యడానికి ఐర్లాండ్ ప్రభుత్వం డబ్బు ఇస్తోంది. ఆ డబ్బు అద్దెకున్న మనకు రాదు, మన ఇంటి ఓనర్‌కీ రాదు. అప్లై చెయ్యగలిగేది ఒక్కరే: ఆ అపార్ట్‌మెంట్ల ఓనర్స్ మేనేజ్‌మెంట్ కంపెనీ, పొట్టిగా ఓఎంసీ. ఆ కంపెనీ కదలకపోతే మన బిల్డింగ్‌కి ఒక్క యూరో కూడా రాదు. అందుకే అద్దెకున్నా, కొనుక్కున్నా ఈ సంగతి తెలిసి ఉండాలి.

ముందు భూకంపం మాట

"రెట్రోఫిట్‌కి గవర్నమెంట్ డబ్బు" అంటే మన వాళ్ళలో కొందరికి భూకంపమే గుర్తొస్తుంది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలితే హైదరాబాద్ దాకా తెలిసింది కదా. అమెరికాలో ఉన్న చుట్టాలు కాలిఫోర్నియా సంగతులు చెబుతుంటారు. అక్కడ కింద కారు పార్కింగ్, పైన ఫ్లాట్లు ఉన్న పాత చెక్క ఫ్రేము బిల్డింగులను బలపరచాలని లాస్ ఏంజెలెస్ నగరం 2015లో చట్టం చేసింది. అద్దె నియంత్రణ ఉన్న ఇళ్ళలో ఆ ఖర్చులో సగం దాకా అద్దెదారుల మీద వెయ్యొచ్చు, నెలకు 38 డాలర్లు మించకుండా.

ఐర్లాండ్‌లో ఆ భయం చాలా తక్కువ. 1984 జూలై 19న పక్కన వేల్స్‌లో 5.4 తీవ్రతతో వచ్చిన భూకంపం డబ్లిన్‌లో తెలిసింది, అదే ఇక్కడ పెద్దవాళ్ళు చెప్పుకునేది. ఇక్కడి అపార్ట్‌మెంట్లకి ఉన్న జబ్బు వేరు. నిప్పు, నీళ్ళు, బలహీనమైన కట్టడం. సమస్య మాత్రం అదే రకం: బిల్డింగ్ పైకి బాగానే ఉంటుంది, లోపం గోడ లోపల ఉంటుంది, బాగుచేసే ఖర్చు ఒక కుటుంబం మొయ్యలేనిది.

గోడ లోపల ఏముంది

అపార్ట్‌మెంట్‌ని పెట్టెల మీద పెట్టెలు పేర్చినట్టు ఊహించుకోండి. ఒక పెట్టెలో నిప్పు పుడితే అది కొంతసేపు, చాలా చోట్ల గంట సేపు, ఆ పెట్టెలోనే ఉండిపోవాలి. ఆలోపు పక్కవాళ్ళు మెట్ల మీదుగా దిగిపోతారు, ఫైర్ ఇంజన్ వస్తుంది. అయితే గోడల్లోంచి పైపులు, కరెంటు వైర్లు, గాలి గొట్టాలు వెళ్తాయి. ఆ రంధ్రాల చుట్టూ నిప్పుని ఆపే పదార్థం నింపాలి. చాలా బిల్డింగుల్లో నింపలేదు, లేదా మామూలు నురగ కొట్టి పైన ప్లాస్టర్‌బోర్డు బిగించేశారు. తలుపులు ఫైర్ డోర్ అని పేరుకే ఉంటాయి, కింద రెండు వేళ్ళు పట్టే సందు ఉంటుంది. పొగ ఆ సందుల్లోంచే వస్తుంది. చాలామంది ప్రాణం తీసేది మంట కాదు, పొగ.

నీళ్ళ సమస్య దీనికంటే కళ్ళకి కనిపిస్తుంది. బాల్కనీ నుంచి, పైకప్పు నుంచి కారి గోడ ఉబ్బుతుంది, నల్ల బూజు పడుతుంది. "మీరు కిటికీ తెరవట్లేదు, వంటలో ఆవిరి ఎక్కువ" అని ఏజెంట్ మన మీదకే తోస్తాడు. ఒక్కోసారి నిజమే. ఒక్కోసారి అసలు కారణం బిల్డింగ్ కట్టిన తీరు.

ప్రభుత్వం వేసిన వర్కింగ్ గ్రూప్ 2022 జూలైలో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, 1991 నుంచి 2013 మధ్య కట్టిన అపార్ట్‌మెంట్లు, డూప్లెక్స్‌లలో 50 నుంచి 80 శాతం వాటిల్లో ఏదో ఒక లోపం ఉండొచ్చు. అంటే 62,500 నుంచి 1,00,000 ఇళ్ళు. అగ్ని భద్రత లోపాలే ఎక్కువ, 40 నుంచి 70 శాతం ఇళ్ళలో. నీరు దిగడం 20 నుంచి 50 శాతం, నిర్మాణ బలం లోపాలు 5 నుంచి 25 శాతం. బాగుచెయ్యడానికి ఇంటికి సగటున 25,000 యూరోలు. మొత్తం లెక్క 156 కోట్ల నుంచి 250 కోట్ల యూరోలు.

మీ ఇల్లు ఏ ఏడాది కట్టారో తెలియకపోతే అద్దె ప్రకటనలో, లేదా ఓనర్ దగ్గర, బీఈఆర్ సర్టిఫికెట్ చూడండి. దాని అడ్వైజరీ రిపోర్టులో మామూలుగా ఉంటుంది. 1991–2013 మధ్యలో ఉంటే ఈ కింది సంగతులు మీకే.

ఇన్ని తప్పు బిల్డింగులు ఎలా వచ్చాయి

ఆ రోజుల్లో ఐర్లాండ్‌లో డబ్బు పొంగుతోంది, కట్టినవి కట్టినట్టు అమ్ముడుపోయేవి. బిల్డింగ్ నియమాలు పాటించామని చెప్పాల్సింది కట్టినవాళ్ళ తరఫు నిపుణులే. కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ చూసేది కొన్నిటినే. 2008 తర్వాత మార్కెట్ కూలింది, చాలామంది బిల్డర్లు దివాలా తీశారు. లోపం బయటపడేసరికి కేసు వెయ్యడానికి కంపెనీ లేదు, ఉన్నా చాలాచోట్ల 6 ఏళ్ళ గడువు దాటిపోయింది.

డబ్లిన్ డోనమీడ్‌లోని ప్రయరీ హాల్ అందరికీ తెలిసిన కథ. అగ్ని భద్రత లేదని 2011 అక్టోబర్‌లో కోర్టు ఆదేశంతో 187 ఫ్లాట్లూ ఖాళీ చేయించారు. ఇల్లు లేదు, బ్యాంకు అప్పు మాత్రం నడుస్తోంది. ఆ కుటుంబాలకి పరిష్కారం దొరకడానికి రెండేళ్ళు పట్టింది. 2015లో డాక్‌ల్యాండ్స్‌లో దాదాపు 300 ఫ్లాట్ల లాంగ్‌బోట్ కీకి డబ్లిన్ ఫైర్ బ్రిగేడ్ నోటీసు ఇచ్చింది. నియమాలు గట్టిపడింది 2014 మార్చి 1 నుంచి. అప్పటినుంచి కొత్త ఇళ్ళకి నియమిత సర్టిఫయర్ తనిఖీ, సంతకం తప్పనిసరి. అందుకే ప్రభుత్వం సాయం 2013 దగ్గర ఆగుతుంది.

డబ్బు ఏ పనికి ఇస్తున్నారు

రెండు రకాలు ఉన్నాయి, కలిపేసుకోవద్దు.

ఒకటి తాత్కాలిక పథకం. 2023 డిసెంబర్‌లో మొదలైంది, హౌసింగ్ ఏజెన్సీ నడుపుతోంది. పూర్తి మరమ్మతు జరిగేలోపు జనం బతికి బయటపడేలా చెయ్యడమే దీని పని: ఫైర్ అలారం వ్యవస్థ, ఎమర్జెన్సీ లైట్లు, మెట్లు కారిడార్లు లాంటి ఉమ్మడి చోట్ల అత్యవసర పనులు. ఓఎంసీ నిపుణుడి చేత బిల్డింగ్ చూపించాలి, ఏ పని ముందు చెయ్యాలో రిపోర్టు ఉండాలి, అప్పుడు దరఖాస్తు. మెయింటెనెన్స్ చెయ్యక పాడైనదానికి డబ్బు రాదు. కట్టినప్పటి లోపమే అయ్యుండాలి.

రెండోది పూర్తి పథకం. గోడలు తెరిచి, సందులు నింపి, తలుపులు మార్చి, నీళ్ళు కారడం ఆపే పని. దీనికి సూత్రప్రాయంగా ప్రభుత్వం 2023 జనవరిలోనే ఒప్పుకుంది, ఖర్చు గ్రాంటుగా ఇస్తామంది, ఇప్పటికే సొంత డబ్బుతో చేయించుకున్న బిల్డింగులకి కూడా వర్తిస్తుందని చెప్పింది. అయితే దీనికి చట్టం కావాలి. ఆ బిల్లు పేరు అపార్ట్‌మెంట్ అండ్ డూప్లెక్స్ డిఫెక్ట్స్ రెమిడియేషన్ బిల్లు. మాట ఇచ్చాక చట్టానికి ఏళ్ళు పట్టడం చూస్తుంటే, ఆలోపు ఫైర్ వార్డెన్‌కి నెల నెలా జీతం కట్టిన ఓనర్ల కోపం అర్థమవుతుంది. బిల్లు ఏ దశలో ఉందో హౌసింగ్ ఏజెన్సీ, హౌసింగ్ శాఖ వెబ్‌సైట్లలో చూసుకోండి. "గ్రాంటు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని వాట్సాప్‌లో వచ్చే మెసేజీలు నమ్మొద్దు. విడిగా ఒక ఫ్లాట్ ఓనర్ దరఖాస్తు చేసే దారే లేదు.

ఇంకో తికమక. ఐర్లాండ్‌లో "రెట్రోఫిట్" అంటే జనం అనుకునేది చలి తగ్గించే పని: గోడలకి ఇన్సులేషన్, హీట్ పంప్. దానికి గ్రాంటు ఇచ్చేది ఎస్‌ఈఏఐ, అది వేరే ఖాతా. ఓనర్ "రెట్రోఫిట్ గ్రాంటుకి అప్లై చేశాం" అంటే ఏది అని అడగండి. ఇన్సులేషన్ గ్రాంటుతో ఫైర్ అలారం రాదు.

అద్దెకున్నవాళ్ళు

మన వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే ఉన్నారు. హాస్పిటల్‌లో నర్సులు, కేర్ హోముల్లో అసిస్టెంట్లు, కాంట్రాక్ట్ మీద వచ్చిన ఐటీ వాళ్ళు. ఓఎంసీ మీటింగ్‌కి వెళ్ళే హక్కు మనకి లేదు, ఓటు ఓనర్‌దే. అయినా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు.

2019 నాటి అద్దె ఇళ్ళ ప్రమాణాల ప్రకారం అపార్ట్‌మెంట్‌లోని ప్రతి అద్దె ఇంట్లో కరెంటుకి కలిపిన స్మోక్ అలారం, ఫైర్ బ్లాంకెట్, అత్యవసరంగా బయటికెళ్ళే ప్లాన్ ఉండాలి. ఉమ్మడి చోట్ల కూడా స్మోక్ అలారం, ఎమర్జెన్సీ లైటు ఉండాలి. ఇవి ఏ గ్రాంటుతోనూ సంబంధం లేకుండా ఓనర్ ఇవ్వాల్సినవి. ఈ రాత్రే ఒకసారి చూసుకోండి. లేకపోతే ఓనర్‌కి ఈమెయిల్ పెట్టండి, ఫోన్ వద్దు. రేపు ఏదైనా అయితే కాగితమే మాట్లాడుతుంది. పది పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే మీ కౌంటీ లేదా సిటీ కౌన్సిల్‌లో అద్దె ఇళ్ళ తనిఖీ విభాగానికి రాయండి. మెట్ల దారి మూసేశారు, అలారం పని చెయ్యట్లేదు లాంటి ప్రమాదమైతే ఆగకుండా ఫైర్ బ్రిగేడ్‌లో అగ్ని నివారణ విభాగానికి చెప్పాలి. 1981 ఫైర్ సర్వీసెస్ చట్టం కింద వాళ్ళు నోటీసు ఇవ్వగలరు. నిప్పు కనిపిస్తే 112 లేదా 999.

"ఫిర్యాదు చేస్తే పర్మిట్‌కి ఇబ్బంది అవుతుందేమో" అనే భయం మన వాళ్ళలో చాలా ఉంది. ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ చూసేది ఎంటర్‌ప్రైజ్ శాఖ, అద్దె ఇంటి తనిఖీ చేసేది కౌన్సిల్. రెండూ వేరు. హక్కు వాడుకున్నందుకు అద్దెదారుని ఓనర్ వేధించకూడదని 2004 అద్దె చట్టంలోనే ఉంది. అలా చేస్తే ఆర్‌టీబీ దగ్గర కేసు పెట్టొచ్చు. కంపెనీయే ఇల్లు ఇచ్చి జీతంలో అద్దె కోసుకుంటుంటే కొంచెం చిక్కు. ఆ కాగితం అద్దె ఒప్పందమా, ఊరికే ఉండనిచ్చే లైసెన్సా అన్నది చూపించుకోవాలి. త్రెషోల్డ్ సంస్థ అద్దెదారులకి ఉచితంగా సలహా ఇస్తుంది.

మరమ్మతు పేరు చెప్పి అద్దె పెంచొచ్చా? 2025 జూన్ 20 నుంచి దేశమంతా రెంట్ ప్రెజర్ జోన్ కిందకి వచ్చింది, పెంపుకి పరిమితి ఉంది. చట్టప్రకారం ఇంటిని ప్రమాణాల్లో ఉంచడానికి మాత్రమే చేసిన పని ఆ పరిమితి దాటడానికి కారణం కాదు. లాస్ ఏంజెలెస్‌లో లాగా నెలకు ఇంత అని మన మీద వేసే ఏర్పాటు ఇక్కడ లేదు. సర్వీస్ చార్జీ, లెవీ కూడా ఓనర్ బరువే.

ఖాళీ చెయ్యమంటే? ఇక్కడ జాగ్రత్త. "పెద్ద మరమ్మతు" కారణంతో పంపాలంటే నోటి మాట చాలదు. రాతపూర్వక నోటీసు ఉండాలి, దాని కాపీ అదే రోజు ఆర్‌టీబీకి వెళ్ళాలి, ఇంట్లో మనుషులు ఉంటే ఆరోగ్యానికి ప్రమాదమనీ కనీసం 3 వారాలు ఖాళీగా ఉండాలనీ నిపుణుడి సర్టిఫికెట్ జతచెయ్యాలి. పని అయ్యాక ఇల్లు మళ్ళీ మీకే ఇవ్వజూపాలి. దానికి మీ కొత్త ఫోన్ నంబర్, ఈమెయిల్ ఓనర్‌కి ఇచ్చి ఉంచండి. ఇంట్లో ఉన్నది ఏడాదికి మించి 7 ఏళ్ళలోపు అయితే గడువు 180 రోజులు. 2026 మార్చి 1 తర్వాత మొదలైన అద్దెలకి కొత్త నియమాలు ఉన్నాయి కాబట్టి నోటీసు చేతికి రాగానే ఆర్‌టీబీలో సరిచూసుకోండి, సూట్‌కేసు సర్దకముందే.

మన వైపు నుంచి కూడా ఒక మాట. తాలింపు వేసినప్పుడల్లా మోగుతోందని అలారానికి ప్లాస్టిక్ కవర్ చుట్టడం, బ్యాటరీ తీసెయ్యడం మన ఇళ్ళలో జరిగేదే. అలా చెయ్యొద్దు. వంటింట్లో స్మోక్ అలారం బదులు వేడిని పసిగట్టే అలారం పెట్టమని ఓనర్‌ని అడగొచ్చు. కారిడార్‌లో చెప్పుల స్టాండు, పిల్లల బండి పెడితే మెట్ల దారి మూసినట్టే. తనంతట మూసుకునే తలుపుకి గుమ్మంలో కుర్చీ అడ్డం పెట్టడం కూడా అంతే. గోడ లోపల లోపమున్న బిల్డింగ్‌లో ఆ తలుపొక్కటే మిగిలిన అడ్డు.

కొనుక్కున్నవాళ్ళు, కొనబోయేవాళ్ళు

కొన్న మరుక్షణం మీరు ఓఎంసీలో సభ్యులు. 2011 మల్టీ యూనిట్ డెవలప్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒక్కో ఇంటికి ఒక్క ఓటు, ఏటా మీటింగ్, ఏటా లెక్కలు. పెద్ద మరమ్మతుల కోసం సింకింగ్ ఫండ్ అని విడిగా డబ్బు దాచాలి, ఇంటికి ఏడాదికి 200 యూరోలు, లేదా సభ్యులు ఒప్పుకున్న ఇంకో మొత్తం. సగటు మరమ్మతు 25,000 యూరోలని పైన చూశాం. ఏడాదికి 200 చొప్పున ఆ మొత్తం పోగవ్వాలంటే 125 ఏళ్ళు. అందుకే లోపం బయటపడగానే లెవీ వేస్తారు, అది ఒక్కసారిగా వేల యూరోల్లో ఉంటుంది.

మీటింగ్‌కి వెళ్ళండి. ఇంగ్లీషులో నిలబడి మాట్లాడాలంటే మొహమాటంగా ఉంటే ప్రశ్నలు ముందే ఈమెయిల్ చెయ్యండి: ఫైర్ రిపోర్టు తీయించారా, తాత్కాలిక పథకానికి దరఖాస్తు చేశారా, చెయ్యకపోతే ఎందుకు, ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు బిల్లులు ఎక్కడున్నాయి. చివరి ప్రశ్న ముఖ్యం. పాత ఖర్చు తిరిగి రావాలంటే బిల్లులు, ఇంజనీరు సర్టిఫికెట్లు ఉండాలి. మీరు కట్టిన లెవీ రసీదు మీ దగ్గరా ఉంచుకోండి. కంపెనీల రిజిస్టర్‌లో ఓఎంసీ పేరు వెతికి అది బతికే ఉందా చూడండి. లెక్కలు ఫైల్ చెయ్యకపోతే కంపెనీని రిజిస్టర్ నుంచి కొట్టేస్తారు, కంపెనీ లేకపోతే దరఖాస్తు చేసేవాళ్ళే ఉండరు. డైరెక్టర్లు ఎవరో కాదు, జీతం లేకుండా చేస్తున్న ఇరుగుపొరుగువాళ్ళే. ఒక్కరు చెయ్యి కలిపినా చాలా బిల్డింగుల్లో పని కదులుతుంది.

కొనబోయేవాళ్ళు సంతకానికి ముందు సొలిసిటర్‌కి గట్టిగా చెప్పాలి. ఓఎంసీ నుంచి గత మూడేళ్ళ మీటింగ్ మినిట్స్, సింకింగ్ ఫండ్ నిల్వ, ఫైర్ రిపోర్టు, రాబోయే లెవీలు, ఇన్సూరెన్స్ షరతులు తెప్పించమనండి. ఆ చుట్టుపక్కల మిగతా వాటికంటే ధర తక్కువగా ఉందంటే కారణం వెతకండి. లెవీ కట్టకుండా అమ్మితే బాకీ ఎవరు తీరుస్తారో ఒప్పందంలో రాయించండి.

డోనెగల్, మేయో వైపు ఉన్నవాళ్ళకి

లెటర్‌కెన్నీ, కాజిల్‌బార్ హాస్పిటళ్ళలో పని చేసేవాళ్ళు వినే మైకా, పైరైట్ గొడవ వేరే పథకం. సిమెంటు ఇటుకల్లో చెడు ఖనిజాలు ఉండి గోడలు సాలెగూడులా పగుళ్ళిస్తాయి. 2022 చట్టం కింద ఓనర్లకి గ్రాంటు ఇస్తున్నారు, గరిష్ఠ పరిమితిని 2024లో 4,20,000 నుంచి 4,62,000 యూరోలకి పెంచారు. అద్దెకిచ్చిన ఇంటికి గ్రాంటు రావాలంటే 2021 నవంబర్ 1 నాటికి ఆ అద్దె ఆర్‌టీబీలో రిజిస్టర్ అయ్యుండాలి, ఒక ఓనర్‌కి అలాంటి ఇల్లు ఒక్కటే. మీరు ఉంటున్న ఇంటి బయటి గోడ మీద అలాంటి పగుళ్ళు కనిపిస్తే తేదీతో ఫోటోలు తీసి ఓనర్‌కి పంపండి. ఇల్లు కూల్చి కట్టాల్సి వస్తే మధ్యలో వేరే చోట ఉండటానికి ఇచ్చే డబ్బు ఓనర్ కుటుంబానికే, అద్దెదారుకి కాదు. కాబట్టి ఓనర్ దరఖాస్తు చేశారని తెలిసిన రోజునుంచే వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టండి. లెటర్‌కెన్నీలో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో అక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.